ఆంత్రోపాలజీ డిగ్రీలో పదిహేను రోజుల ఫీల్డ్‌వర్క్: నా అనుభవం

మొన్ననే నా డిగ్రీ అయిపోయింది. బీఏలో ఆంత్రోపాలజీ ఒక సబ్జెక్టు, మనుషుల శరీరాల గురించీ సమాజాల గురించీ చదివే శాస్త్రం. చేరేముందు దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని తెగ వెతికాను, దొరికినవన్నీ సివిల్స్ కోచింగ్ వాళ్ళ వీడియోలే, సిలబస్ చిన్నది, మార్కులు బాగా పడతాయి అని. అది చదివే పిల్లలు రోజూ ఏం చేస్తారో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ ఏడుపొస్తుందో ఒక్కరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను. రెండున్నరేళ్ళ క్లాసుల సంగతి తొందరగా చెప్పేసి ములుగు జిల్లాలో చేసిన ఫీల్డ్‌వర్క్ దగ్గర ఆగుతాను, నేను చెప్పాలనుకున్నదంతా అక్కడే ఉంది.

మాది హన్మకొండ. 2022 జూన్ 28న ఇంటర్ ఫలితాలొచ్చాయి. బైపీసీ పాసయ్యాను గానీ డాక్టర్ సీటు మీద ఇంట్లో ఎవరికీ ఆశ లేదు, నాకు అసలే లేదు. జూలైలో 200 రూపాయలు కట్టి డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో రిజిస్టర్ చేసుకుని వెబ్ ఆప్షన్లు చూస్తుంటే ఆంత్రోపాలజీ కనిపించింది. నేను వెతికినంతలో మా వైపు కాలేజీల్లో ఆ కాంబినేషన్ కనపడలేదు, హైదరాబాద్‌లో ఒకచోట ఉంది. బాపుని ఒప్పించడానికి నాకు దొరికిన ఒకే ఒక్క ఆయుధం దురిశెట్టి అనుదీప్. మన మెట్‌పల్లి ఆయన, 2017 సివిల్స్‌లో దేశం మొత్తంలో ఫస్ట్ ర్యాంకు, ఆప్షనల్ ఆంత్రోపాలజీ. ఆ వార్త ఫోన్‌లో చూపించాను. బాపు రెండుసార్లు చదివి "అయితే పెట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి షాపుకొచ్చిన ప్రతి మనిషికీ మా బిడ్డ కలెక్టర్ చదువు చదువుతున్నదని చెప్పడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆపలేదు. పక్కింటి అత్తమ్మ మాత్రం సబ్జెక్టు పేరు విని ఇంకేదో అనుకుంది, దసరా సెలవులకి ఇంటికెళ్ళగానే అరచేయి నా ముందు చాపి "పిల్ల పెండ్లి ఎప్పుడైతదో జర చూడు" అంది. అది ఆస్ట్రాలజీ అత్తమ్మా అని చెప్పుకోవడానికి పావుగంట పట్టింది. ఇందులో తమాషా ఏంటంటే సెకండియర్‌లో నిజంగానే ఆమె అరచేతికి ఇంకు పూసి ముద్ర తీసుకున్నాను, వేలిముద్రల్లో సుడులు, మడతలు లెక్కపెట్టే ప్రాక్టికల్ ఉంటుంది మాకు. ఆమె దృష్టిలో నేను ఇప్పటికీ జాతకాలదాన్నే.

క్లాసుల గురించి రెండు ముక్కలు. బైపీసీ వాళ్ళకి ఎముకల భాగం సులువు, ఆర్ట్స్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడే ఇబ్బంది పడతారు. తొడ ఎముక చేతికిచ్చి కుడిదా ఎడమదా చెప్పమంటారు, కటి ఎముక ఇచ్చి ఆడమనిషిదా మగమనిషిదా అంటారు. తల కొలవడం నేర్పుతారు: పట్టకారులాంటి కాలిపర్‌తో తల పొడవు, వెడల్పు తీసి, వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణిస్తే ఒక అంకె వస్తుంది, 76 లోపుంటే పొడుగు తల, 81 నుంచి గుండ్రటి తలల లెక్క. నాది 81.3. హాస్టల్లో ఏడాదిపాటు నా పేరు బంతి.

చుట్టరికాల పాఠం దగ్గర మాత్రం మాకు నవ్వొచ్చింది. ఇంగ్లిష్ పుస్తకంలో పది పేజీలు, క్రాస్ కజిన్ (మేనత్త, మేనమామ పిల్లలు), పారలల్ కజిన్ (పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, చిన్నమ్మ పిల్లలు), ఎవరిని పెళ్ళి చేసుకోవచ్చు, ఎవరిని చేసుకోకూడదు. ఢిల్లీలో పెరిగిన ఒకమ్మాయి మా క్లాసులో ఉండేది, ఆమెకి ఎంతకీ ఎక్కదు. మాకేమో అందులో పాఠమేముందో అర్థం కాదు. మేనత్త కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న, అంతే కదా! ఐదేళ్ళ పిల్లని అడిగినా చెప్తుంది. 1871లోనే మోర్గాన్ అనే అమెరికా వకీలు మన తమిళ, తెలుగు వరసల్ని తెప్పించుకుని, వాళ్ళ దేశంలోని ఇరోక్వాయ్ తెగ వరసల పక్కన పెట్టి చూసి, రెండూ దాదాపు ఒకేలా ఉండేసరికి ఆశ్చర్యపోయాడట. మేడమ్ ఆ మాట చెప్పినప్పుడు ఎందుకో కొంచెం గర్వంగా అనిపించింది, నేనేదో కనిపెట్టినట్టు.

ఇక ఫీల్డ్‌వర్క్. మా దగ్గర చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు తప్పనిసరి, 100 మార్కులకి. 2024 నవంబర్ చివర్లో గ్రూపులు వేశారు. మేం పన్నెండు మంది, ఏడుగురు అమ్మాయిలు, ఐదుగురు అబ్బాయిలు. తాడ్వాయి మండలంలో ఒక కోయ ఊరు. ఊరి పేరు రాయను, ఎవరి పేరూ రాయను, మాకు నేర్పిన మొదటి నియమం అదే. అంతా ఖాయం అనుకుంటుండగా డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకి భూకంపం వచ్చింది, 5.3, కేంద్రం ములుగు. హన్మకొండలో మా ఇంట్లో గిన్నెలు కదిలాయట. అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది, "భూమి గిట్ల వణికిన జాగకే పోవాల్నా, వేరే ఊరే దొరకలేదా" అని. అప్పటికే ఆగస్టు 31న వచ్చిన గాలికి అదే అడవిలో యాభై వేల దాకా చెట్లు కూలిన ఫోటోలు అందరూ చూసి ఉన్నారు. ఇంకో అమ్మాయి వాళ్ళ నాన్న నేరుగా కాలేజీకే వచ్చాడు. చివరికి మేడమ్ కూడా మొత్తం పదిహేను రోజులూ మాతోనే ఉంటుందని చెప్పాక ఇంట్లో వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మీరు చేరబోయేవాళ్ళయితే ఈ సంగతి ముందే కనుక్కోండి, కొన్నిచోట్ల సార్లు మొదటి రోజు దింపేసి, చివరి రోజు ఎక్కించుకుపోతారట.

పర్మిషన్ లెటర్ దగ్గర మొదటి దెబ్బ. డిపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర పాత నమూనా ఉంది, "గ్రామ సర్పంచ్ గారికి" అని. 2025 జనవరిలో దాన్ని పట్టుకుని ఊరికి ముందుగా ఇద్దరం వెళ్ళాం. తీరా చూస్తే సర్పంచ్ లేడు. 2024 ఫిబ్రవరి మొదట్లోనే సర్పంచుల గడువైపోయింది, అప్పటికింకా ఎన్నికలు జరగలేదు, ఊరంతా పంచాయతీ సెక్రటరీ చేతిలో ఉంది, ఆయనకేమో ఇంకో ఊరు కూడా ఉందట. మూడు గంటలు వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆయన వచ్చి లెటర్ చదివి, సర్పంచ్ అన్న మాట కొట్టేసి పైన తన హోదా రాసుకుని స్టాంపు వేసిచ్చాడు. మంచి మనిషి. ఒక హెచ్చరిక కూడా చేశాడు: "మీరొచ్చే వారంలనే గ్రామసభలున్నయి, జర చూస్కోండ్రి." అప్పుడు ఆ మాట మాకు ఎక్కలేదు.

జనవరి 20న బయల్దేరాం. హైదరాబాద్ నుంచి కాజీపేట దాకా రైలు, హన్మకొండ నుంచి బస్సు. అమ్మాయిలకి ఆధార్ చూపిస్తే జీరో టికెట్, అబ్బాయిలు డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే మేం కిటికీ సీట్లలో కూర్చుని నవ్వుకున్నాం. నాలుగు ముక్కలుగా విడిపోయే ఆంత్రోపోమీటర్ కడ్డీ ఉంటుంది, బిగిస్తే రెండు మీటర్లు, దాన్ని సంచిలో చూసి కండక్టర్ "చేపలకి పోతున్రా" అన్నాడు. పస్రా దాటాక అడవి మొదలైంది, ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పడిపోయాయి.

ఉండడానికి కమ్యూనిటీ హాలు ఇచ్చారు. మధ్యలో చీరలు కట్టి రెండు భాగాలు చేసుకున్నాం. బాత్రూం ఒకటే, అందులో నల్లా లేదు, బోరింగ్ నుంచి బకెట్లు మోయాలి. చలి సంగతి ఎవరూ చెప్పలేదు! జనవరిలో ఏజెన్సీ చలి హైదరాబాద్ చలి కాదు, కింద బండల నుంచి పైకి వస్తుంది, మొదటి రాత్రి నేను రెండు జతల బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుని పడుకున్నాను. పరదా పట్టా ఒకటి తీసుకెళ్ళండి, కింద పరుచుకోవడానికి. టార్చిలైట్, జండూబామ్, పెన్నులు పది (పిల్లలు అడుగుతారు, ఇవ్వకుండా ఉండలేం).

మొదటి వారం పని ఇంటింటి సెన్సస్. ప్రతి ఇంటికీ వెళ్ళి ఎంతమంది, ఎవరి వయసెంత, ఏం చదివారు, భూమి ఎంత, ఏం పండిస్తారు అని నాలుగు పేజీల షెడ్యూల్ (ప్రశ్నల ఫారం) నింపాలి. సరిగ్గా ఆ వారమే, జనవరి 21 నుంచి 24 దాకా, రాష్ట్రమంతా గ్రామసభలు. రైతు భరోసా, ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇండ్లు, కొత్త రేషన్ కార్డులు. ఈ పథకాలకి ఎంపికైనవాళ్ళ లిస్టులో పేరుందా లేదా అన్నదొకటే ఊరంతా మాట. నవంబర్‌లో కులగణన వాళ్ళు అతికించిన స్టిక్కర్లు తలుపుల మీద ఇంకా ఉన్నాయి. ఇంతలో మేం, మెడలో ఐడీ కార్డులు, చేతిలో అట్టలు, అట్టల మీద ఫారాలు. ఇంకెవరనుకుంటారు?

మొదటి ఇంట్లోనే ఆమె లోపలికెళ్ళి ఆధార్ జిరాక్సులు తెచ్చి నా చేతిలో పెట్టింది. మేం కాలేజీ పిల్లలం అమ్మా, చదువుకోవడానికి వచ్చాం అన్నాను. తలూపింది. జిరాక్సులు వెనక్కి తీసుకోలేదు. రెండో ఇంట్లో "గుడిసెనే అని రాయి బిడ్డా, రేకులు మొన్ననే ఏసినం" అన్నారు. మూడో ఇంట్లో ఒకాయన నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, మెల్లగా "మా తమ్మునికి ఒచ్చింది, నాకు రాలేదు, ఏమన్న సూడు మేడమ్" అన్నాడు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే, అదీ అబద్ధపు మేడమ్. రోజంతా చెప్పిందే చెప్పడం, మేం గవర్నమెంటోళ్ళం కాదు, మాకు ఏ లిస్టూ తెలీదు. సాయంత్రానికి ఇంకో సమస్య: గవర్నమెంటోళ్ళం కాదని గట్టిగా నమ్మినవాళ్ళు "మరైతే నీకెందుకు చెప్పాలె" అన్నారు. అదీ న్యాయమే కదా. భూమి ఎంత అంటే ఆఫీసర్‌కి ఒక లెక్క చెప్తారు, చుట్టానికి ఒక లెక్క చెప్తారు, నేను రెండూ కాదు. రెండో రాత్రి మేడమ్ మా ఫారాలన్నీ చూసి, 22 ఇళ్ళలో 19 ఇళ్ళ భూమి వివరాలు పనికిరావని పక్కన పడేసింది. ఐడీ కార్డులు తీసేయండి, అట్టలు తీసేయండి, చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ముందు వాళ్ళు అడిగినవాటికి మీరు జవాబు చెప్పండి అంది.

అక్కడి నుంచి కొంచెం దారిలో పడింది. వాళ్ళు అడిగేవేంటంటే మేం అడగాల్సినవే. ఇంటిపేరేంది, మీరెవలోళ్ళు, అమ్మగారిదే ఊరు, బాపు ఏం చేస్తడు, ఎంతమంది అక్కచెల్లెండ్లు, ఇంకా పెండ్లి ఎందుకు చెయ్యలే. పావుగంటలో నా సెన్సస్ షెడ్యూల్ మొత్తం వాళ్ళే నింపేసుకునేవాళ్ళు, కాగితం కూడా లేకుండా.

పగలు ఊళ్ళో ఎవరూ ఉండరని కూడా వెళ్ళాకే తెలిసింది. మిర్చి ఏరే రోజులు, చీకటి ఉండగానే ట్రాలీ ఆటోల్లో వెళ్ళి సందె వేళకి వస్తారు. అందుకని మా పని పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా, మళ్ళీ రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. మధ్యలో వంట, నిద్ర, రాసిన నోట్సు సాపు చేయడం. మూడో రోజు నుంచి మేం కూడా పొలానికెళ్ళి ఏరడం మొదలుపెట్టాం, మధ్యాహ్నానికి వేళ్ళు మండి ఆ చేత్తో కన్ను తుడుచుకుని ఒకమ్మాయి అరిచిన అరుపుకి చేనంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆడవాళ్ళు మాతో మామూలుగా మాట్లాడారు.

ఒక ఆదివారం దామరవాయి దగ్గర రాకాసి గుళ్ళు చూడ్డానికి తీసుకెళ్ళారు, పెద్ద బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన పాతకాలపు సమాధులు. ఫోటోలు దిగాం. అంతకంటే చెప్పడానికేం లేదు, నాకు కాళ్ళు నొప్పులు.

కొలతలు తీసే రోజులు వేరే కథ. ఎత్తు, బరువు, తల, ముక్కు. పిల్లలకి సరదా, వరసగా నిలబడ్డారు. ముసలాయన ఒకరు కాలిపర్ చూసి "నా తలకాయ గొలిచి నీకేమొస్తది" అన్నాడు. ప్రాక్టికల్ మార్కులు అని చెప్పడానికి సిగ్గేసింది. అదీగాక అంతకు ముందు సెమిస్టర్లోనే చదివాం, 1901 జనాభా లెక్కల కమిషనర్ రిస్లీ ముక్కుల వెడల్పూ పొడవూ కొలిచి కులాలకి పైమెట్టు, కిందిమెట్టు కట్టాడని. ఇది తప్పని రెండో పేపర్లో చదివి, మూడో పేపర్ కోసం అదే పరికరంతో ముక్కు కొలవడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆ ముసలాయన తల కొలవలేదు.

ఒక అబ్బాయికి మాత్రం మా కడ్డీతో నిజంగా పనిపడింది. ఇరవై ఏళ్ళుంటాయి, కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, ఏజెన్సీ వాళ్ళకి 160 సెంటీమీటర్లుంటే చాలని అతనే చెప్పాడు. సాయంత్రం చేను నుంచి వచ్చాక కొలిస్తే 159.4. మళ్ళీ కొలవమన్నాడు. 159.4. ఇంకోసారి. ముఖం చూడలేకపోయాం. మేడమ్ పక్కనుంచి, రేపు లేవగానే రా, ఎక్కడా నడవకుండా నేరుగా ఇక్కడికే రా అంది. మనిషి పొద్దున పూట కాస్త పొడుగుంటాడు, పగలంతా నిలబడి మోసేసరికి వెన్నుపూసల మధ్య మెత్తటి భాగాలు నలిగి సెంటీమీటర్ దాకా తగ్గుతాడు. పొద్దున ఆరింటికి దుప్పటి కప్పుకునే వచ్చాడు. 160.2. కేక వేశాడు. ఆ తర్వాత రోజు నుంచి మా బకెట్లన్నీ అతనే మోశాడు.

ఇప్పుడు అసలు సంగతి. నా టాపిక్ మేనరికం పెళ్ళిళ్ళు. దానికి వంశవృక్షాలు రాయాలి. రివర్స్ అనే ఆయన 1898లో ఆస్ట్రేలియా దగ్గరి టోరస్ జలసంధికి వెళ్ళినప్పుడు తయారుచేసిన పద్ధతి, తర్వాత నీలగిరి కొండల్లోని తోడా తెగ దగ్గర కూడా అదే వాడాడు: ఒక మనిషి దగ్గర మొదలుపెట్టి తల్లి, తండ్రి, పెళ్ళి, పుట్టిన పిల్లలందరూ, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ, పెద్ద నుంచి చిన్న దాకా వరసగా. బొమ్మలో మగవాళ్ళు త్రికోణం, ఆడవాళ్ళు సున్నా, పెళ్ళికి రెండు గీతలు. పోయినవాళ్ళ గుర్తు మీద అడ్డంగా ఒక గీత.

కోయల్లో గట్లుంటాయి, మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అలా. ఒకే గట్టు వాళ్ళు అన్నదమ్ముల లెక్క, పెళ్ళి కుదరదు. ఇంటిపేరు చెప్తే గట్టు తెలిసిపోతుంది, గట్టు తెలిస్తే వరస తెలిసిపోతుంది. నేను త్రికోణాలు గీసి అరగంటలో తేల్చేదాన్ని ఊళ్ళో వాళ్ళు బీడీ వెలిగించే లోపల తేల్చేవారు.

నాకు ఎక్కువ చెప్పింది ఒక అవ్వ. డెబ్బై పైనే ఉంటుంది, వయసు అడిగితే ఆధార్‌లో ఎంతుంటే అంత అంది. మూడు రాత్రులు ఆమె అరుగు మీదే. మొదటి రాత్రే చిక్కు: భర్త పేరు చెప్పదు. చనిపోయి ఎనిమిదేళ్ళు, అయినా నోటితో అనదు. నవ్వుతుంది, తల తిప్పుకుంటుంది. చివరికి మనవణ్ణి పిలిచి "మీ తాత పేరు చెప్పురా" అంది. వాడు చెప్తుంటే అటు తిరిగి కూర్చుంది. పాతతరం ఆడవాళ్ళందరి దగ్గరా ఇదే, కాబట్టి ఒక చిన్న పిల్లాణ్ణో పిల్లనో పక్కన పెట్టుకోండి.

మూడో రాత్రికి పెద్ద చార్టు తయారైంది. నాలుగు తరాలు, 63 మంది, 31 పెళ్ళిళ్ళు, అందులో 9 మేనరికాలు. నాకు చాలా సంతోషంగా ఉంది. బల్బు కింద అరుగు మీద పరిచాను, మూలలకి చెప్పులు బరువు పెట్టాను. అవ్వ వంగి చూసింది. కళ్ళు సరిగా ఆనవు, వేలితో తడుముతూ చూసింది. ఇది నువ్వు, ఈ సున్నా, అన్నాను. ఇది నీ పెద్ద బిడ్డ. ఇది నీ మనవడు.

వేలు ఒకచోట ఆగింది. "గిదెవలు?"

తాత, అన్నాను.

"మరెందుకు కొట్టేసినవ్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. గీత అవ్వా, పోయినవాళ్ళకి అట్లా పెడతాం అన్నాను. ఆమె మళ్ళీ తడిమింది. వాళ్ళమ్మ, బాపు, ఇద్దరన్నలు, అత్తామామలు, పై వరసంతా గీతలే. "రేషన్ కాయిదంల గిట్లనే కొట్టేసిన్రు" అంది. "పింఛన్ కాయిదంల గూడ గిట్లనే. ఓ గీత కొట్టి పో అన్నరు." తర్వాత తన సున్నా మీద వేలు పెట్టి, "దీన్ని గూడ కొడ్తవా?" అని అడిగింది. కోపంగా కాదు, ఎప్పుడు కొడతావు అని తెలుసుకోవడానికి అడిగినట్టు.

నేనేం చెప్పానో గుర్తులేదు. ఏదో అన్నాను. కోడలు లోపలి నుంచి వచ్చి కోయలో ఏదో గట్టిగా అంది, అవ్వ కూడా కోయలోనే ఏదో అంది, నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. చార్టు చుట్టేసుకుని హాలుకొచ్చాను. ఆ రాత్రి మేడమ్‌తో చెప్తే ఆమె కాసేపు ఏమీ అనలేదు. అది ప్రపంచమంతా వాడే గుర్తు, రికార్డులో మార్చకూడదు, ఊళ్ళో వాళ్ళకిచ్చే కాపీ మాత్రం నీ ఇష్టం అంది. ఫీల్డ్ డైరీ రోజూ రాయాలి మేం, ఆ రోజు తేదీ కింద నాది ఒకటే వాక్యం ఉంది: "చార్టు చూపించాను."

ఫిబ్రవరి 3న తిరుగు ప్రయాణం. మినీ మేడారం జాతర 12 నుంచి, అప్పటికే రోడ్ల మీద బండ్లు మొదలయ్యాయి. జాతరకి ఉండమని అందరూ అడిగారు, ఉండాల్సింది, మధ్యలో ఇంటర్నల్స్ ఉన్నాయని వచ్చేశాం. ఆ ఇంటర్నల్స్ తర్వాత వాయిదా పడ్డాయి.

ఖర్చు లెక్క: గ్రూపుకి తలా 3,200, అందులో బియ్యం, గ్యాస్, కూరగాయలు, హాలు ఊడ్చినామెకి ఇచ్చింది. సొంతంగా ఇంకో 900. వచ్చాక రికార్డు 74 పేజీలు, టైపింగ్ పేజీకి 15 చొప్పున, ఫోటోల కలర్ ప్రింట్లు, మూడు కాపీలు గట్టి బైండింగ్, మొత్తం 2,400 దాటింది. టైపింగ్ షాపతను గట్టు అని ఉన్నచోటల్లా గుట్ట అని కొట్టాడు, ప్రూఫు మూడుసార్లు చూశాను. రాయడానికి రెండు నెలలు పట్టింది, పదిహేను రోజులు తిరిగినదానికి. నోట్సు ఆ రోజుదారోజు సాపు చేసుకోండి, రెండు రోజులు ఆలస్యమైతే మీ చేతిరాత మీకే అర్థం కాదు.

మే 6న వైవా. పదకొండింటికి అన్నారు, నన్ను పిలిచేసరికి మూడు దాటింది. బయటి నుంచి వచ్చిన సారు రికార్డు తిరగేసి, మేనరికాలు పై తరంలో ఎక్కువా కింది తరంలో ఎక్కువా, ఎందుకు తగ్గాయి అని అడిగారు. చెప్పాను: తొమ్మిదిలో ఏడు పై రెండు తరాల్లోవే, కింది తరంలో చదువుకి హాస్టళ్ళకెళ్ళిన పిల్లలు ఎక్కువ. తర్వాత చార్టు తెరిచారు. గీతలు పెట్టాను, కానీ పెన్సిల్‌తో, చాలా పలచగా. "ఇవేంటి, కనపడట్లేదు?" అన్నారు. జరిగింది చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మంచిదే, కానీ గుర్తు గుర్తులాగే పెట్టాలమ్మా అన్నారు. 100కి 78. నా పక్కమ్మాయికి 86, ఆమె గీతలు స్కెచ్ పెన్నుతో పెట్టింది.

టీసీ దగ్గర ఇంకో చిన్న యుద్ధం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ ఉందని, 14,000 కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ ఆఫీసులో అన్నారు. బాపు చిట్టీ ఎత్తి కట్టాడు. డబ్బులు వచ్చాక తిరిగిస్తారట. ముందే తెలిస్తే మూడేళ్ళలో కొంచెం కొంచెం దాచుకునేవాళ్ళం, మీరైనా దాచుకోండి.

జూన్‌లో ఊరికి మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే, పొద్దుటి బస్సుకి. కొత్త చార్టు గీశాను, గీతలు లేకుండా, పేర్లు తెలుగులో పెద్ద అక్షరాలతో. హన్మకొండ చౌరస్తాలో లామినేషన్ చేయిద్దామని వెళ్ళి, ఎందుకో ఆగిపోయాను, ఏదైనా తప్పుంటే దిద్దడానికి ఉండదని. కానిస్టేబుల్ అబ్బాయి కోచింగ్‌కి వరంగల్ వెళ్ళాడట. అవ్వ అరుగు మీదే ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం టైం పట్టింది, "మిరపకాయ పిల్ల" అంది, కన్ను మండింది నాకు కాదు, అయినా సర్లే.

చార్టు పరిచాను. తడిమింది. గీతలు లేవని తెలిసిందో లేదో, ఏమీ అనలేదు. తన సున్నా దగ్గర నుంచి కిందికి వచ్చి పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి. ఆరుగురు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రెండో బిడ్డకీ మూడో కొడుక్కీ మధ్యలో వేలు పెట్టి, "ఈడొకడుండె" అంది.

జనవరిలో మూడు రాత్రులు అడిగాను, పోయినవాళ్ళు కూడా చెప్పవ్వా అని మరీ మరీ అడిగాను, ఆరుగురే అంది. ఇప్పుడు అడగకుండానే చెప్తోంది. పేరేంటి అన్నాను. పేరు పెట్టే లోపే పోయాడట, ఇరవై ఒక్క రోజు కూడా కాలేదు.

బ్యాగులోంచి పెన్ను తీసి ఆ ఇద్దరి మధ్యా ఒక చిన్న త్రికోణం గీశాను. అక్కడ చోటు లేదు, కాస్త పక్కకి ఒరిగినట్టు వచ్చింది. కింద పేరు చోటు ఖాళీగా వదిలేశాను. అవ్వ దాన్ని కూడా వేలితో తడిమి చూసింది, చార్టు చుట్టి దూలం సందులో పెట్టమని మనవడికిచ్చింది. సబ్మిట్ చేసిన మూడు కాపీల్లోనూ ఆమెకి పిల్లలు ఆరుగురే.